సీడీల్లోని పాటలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బీరువా మీద అట్టపెట్టెలో సీడీలు ఉంటాయి. వాటిని పెట్టి వినే మెషిన్ మాత్రం ఇంట్లో ఉండదు. కొత్త కారులో సీడీ స్లాట్ లేదు, కొత్త లాప్‌టాప్‌లో డ్రైవ్ లేదు, పాత డీవీడీ ప్లేయర్ ట్రే బయటికి రావడం మానేసింది. చాలా తెలుగు ఇళ్లలో ఇదే పరిస్థితి. ఆ పాటలను పెన్‌డ్రైవ్‌లోకి తెచ్చుకోవాలనుకునేవాళ్లు మళ్లీమళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

పాటలన్నీ ఫోన్‌లోనే వస్తున్నాయి కదా, ఇప్పుడీ శ్రమ ఎందుకు?

సినిమా పాటల వరకు ఆ మాట చాలావరకు నిజమే. ఆన్‌లైన్‌లో దొరికే పాట కోసం సీడీతో కుస్తీ పట్టనక్కర్లేదు. కానీ నెట్‌లో దొరకనివి కూడా ఆ పెట్టెలో ఉంటాయి. ఊళ్లో కోలాటం బృందం చేయించుకున్న సీడీ, గుడి ఉత్సవంలో పంచిపెట్టిన భజనల సీడీ, ఒక చిన్న కంపెనీ కొన్నేళ్లు నడిచి మూతపడేలోపు తెచ్చిన జానపదాలు, పెళ్లిలో రికార్డు చేసిన సన్నాయి. ఇవి ఏ యాప్‌లోనూ ఉండవు.

ఇంకో సంగతి ప్రయాణాలది. నల్లమలలో శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కితే చాలాచోట్ల సిగ్నల్ పోతుంది. మారేడుమిల్లి అడవిలోనూ అంతే. పెన్‌డ్రైవ్‌కి సిగ్నల్‌తో పని లేదు.

ఏ సీడీలతో మొదలుపెట్టాలి?

ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదివేటట్టయితే ఇది చదవండి. ముందు చేత్తో పేరు రాసి ఉన్న సీడీలు తీయండి. అంటే ఇంట్లోనో, స్టూడియోలోనో కొట్టించినవి. మార్కెట్లో కొన్న సినిమా సీడీలు ఆఖరికి పెట్టుకోండి.

దీనికి రెండు కారణాలు. కంపెనీ సీడీల్లో పాటను ఫ్యాక్టరీలోనే ప్లాస్టిక్ మీద సన్నటి గుంటలుగా అచ్చు వేస్తారు. పైన గీతలు పడకుండా చూసుకుంటే అది దశాబ్దాలు ఉంటుంది. కంప్యూటర్‌లో రాసిన సీడీలో అలాంటి గుంటలు ఉండవు. లోపల పూసిన రంగు పొరను లేజర్ కాల్చి మచ్చలు పెడుతుంది. ఎండకీ వేడికీ తేమకీ ఆ రంగు వెలిసిపోతుంది. రంగు వెలిస్తే పాట కూడా పోయినట్టే. మనవైపు మే నెల ఎండల్లో రేకుల గదిలోనో, అటక మీదో ఏళ్ల తరబడి పడి ఉన్న సీడీ ఎంత వేడి చూసి ఉంటుందో మీకు తెలుసు.

రెండో కారణం ఇంకా పెద్దది. కొన్న సీడీ పాడైతే అదే పాట మరోచోట దొరుకుతుంది. నాయనమ్మ పాడిన మంగళహారతులు టేపు మీద రికార్డు చేసి, తర్వాత టౌన్‌లో స్టూడియోవాళ్ల చేత సీడీలోకి ఎక్కించుకున్నారనుకోండి. అది ఆ ఒక్క సీడీలోనే ఉంటుంది. టేపు ఎప్పుడో పారేసి ఉంటారు. అలాంటి సీడీని ఈ వారమే కాపీ చేయండి, సెలవులు వచ్చేదాకా ఆగొద్దు.

నా దగ్గరున్నది ఏ రకం సీడీయో ఎలా తెలుస్తుంది?

వెనక్కి తిప్పి వెలుతురులో చూడండి. వెండిలా మెరిస్తే అచ్చు వేసిన సీడీ. పచ్చగానో నీలంగానో లేత బంగారు రంగులోనో కనిపిస్తే రాసినది. రాసిన సీడీలో పాటలున్న భాగానికీ ఖాళీ భాగానికీ రంగులో కొంచెం తేడా ఉంటుంది. జాగ్రత్తగా చూస్తే లోపలివైపు నుంచి ఒక ఉంగరంలా ఆ హద్దు కనబడుతుంది.

అసలు తేడా కంప్యూటర్‌లో పెట్టినప్పుడు తేలుతుంది. ట్రాక్01, ట్రాక్02 అంటూ సీడీఏ ఫైళ్లు కనిపిస్తే ఆడియో సీడీ. మామూలు ఎంపీ3 ఫైళ్లు, ఫోల్డర్లు కనిపిస్తే ఎంపీ3 సీడీ. ఒకప్పుడు బస్టాండ్ల దగ్గర అమ్మిన '150 పాటలు' సీడీలు ఈ రెండో రకమే. 128 కేబీపీఎస్‌లో (అంటే సెకనుకు 128 కిలోబిట్లు, ఈ అంకె పెరిగేకొద్దీ నాణ్యతా పెరుగుతుంది, సైజూ పెరుగుతుంది) అయిదు నిమిషాల పాట 5 ఎంబీ లోపే ఉంటుంది. అందుకే 700 ఎంబీ సీడీలో దగ్గర దగ్గర 150 పాటలు పట్టేవి. ఎంపీజీఏవీ అనే ఫోల్డర్ ఉంటే అది వీసీడీ, అంటే వీడియో సీడీ. దాని సంగతి కిందికి వెళ్లాక చెబుతాను.

ఎంపీ3 సీడీ అయితే కష్టమేమీ లేదు. ఫైళ్లను కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేస్తే అయిపోతుంది.

ఆడియో సీడీలోంచి ఫైళ్లు అలాగే కాపీ చేశాను. పెన్‌డ్రైవ్‌లో పాట రావడం లేదు. ఎందుకు?

చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఇదే. మీరు కాపీ చేసిన ఫైలు సైజు చూడండి, 44 బైట్లే ఉంటుంది. అందులో పాట లేదు. ఫలానా పాట సీడీలో ఫలానా చోట మొదలవుతుంది అని చెప్పే గుర్తు మాత్రమే ఉంది. ఆడియో సీడీలో పాటలు కంప్యూటర్ ఫైళ్ల రూపంలో ఉండవు. ఒకే పొడవైన దారిలో వరుసగా శబ్దం రాసి ఉంటుంది. ఏ పాట ఎక్కడ మొదలవుతుందో లోపలి అంచున ఒక పట్టిక ఉంటుంది. విండోస్ ఆ పట్టికనే ఫైళ్లలాగా చూపిస్తుంది.

కాబట్టి ఒక సాఫ్ట్‌వేర్ చేత సీడీని చదివించి, పాటను ఫైలుగా మార్పించాలి. దీన్నే రిప్ చేయడం అంటారు.

లాప్‌టాప్‌లో సీడీ డ్రైవ్ లేదు. ఏం చేయాలి?

యూఎస్‌బీతో తగిలించుకునే డీవీడీ రైటర్లు ఆన్‌లైన్‌లోనూ కంప్యూటర్ షాపుల్లోనూ దొరుకుతున్నాయి. పేరు డీవీడీ రైటర్ అయినా సీడీలు చదువుతుంది. విడిగా డ్రైవర్ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. తగిలించాక తిరగడం మొదలై మళ్లీ ఆగిపోతూ ఉంటే చాలాసార్లు కరెంటు చాలకపోవడమే కారణం. యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా లాప్‌టాప్ పోర్టుకే పెట్టండి. రెండు పిన్నుల కేబుల్ ఇచ్చి ఉంటే రెండూ పెట్టండి.

కొనేముందు ఇంట్లో మూలపడ్డ పాత డెస్క్‌టాప్ ఉందేమో చూడండి. పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లు గీతలు పడ్డ సీడీలను ఈ సన్నటి బయటి డ్రైవ్‌ల కంటే బాగా చదవడం మామూలే.

కంప్యూటర్ లేకుండా ఫోన్‌తోనే కుదరదా?

ఓటీజీ కేబుల్‌తో (ఫోన్‌కి యూఎస్‌బీ పరికరాలు తగిలించే కేబుల్) డ్రైవ్ తగిలించినా ఫోన్ ఇచ్చే కరెంటు దానికి చాలదు. చాలినా ఆండ్రాయిడ్ మామూలుగా ఆడియో సీడీని గుర్తించదు. దీనికి కంప్యూటరే నయం. ఒక్క పూట అడిగి తెచ్చుకోండి.

మా డీవీడీ ప్లేయర్‌కి యూఎస్‌బీ పోర్టు, రిమోట్ మీద రికార్డు బటన్ ఉన్నాయి. దాంతో చేయవచ్చా?

చేయవచ్చు. కొన్ని డీవీడీ ప్లేయర్లు, మ్యూజిక్ సిస్టమ్‌లు సీడీ పాటను నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎంపీ3గా రాసిస్తాయి. కంప్యూటర్ అలవాటు లేని పెద్దవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. అయితే చాలావాటిలో నాణ్యత 128 కేబీపీఎస్ దగ్గరే ఆగుతుంది. పాటల పేర్లు రావు, గీతలున్న చోట తప్పు చదివినా చెప్పవు. కారులో వినే పాటలకు సరిపోతుంది. నాయనమ్మ సీడీని మాత్రం దీనికి అప్పగించొద్దు.

విండోస్‌లో తేలికైన పద్ధతి ఏది?

విండోస్‌తోనే వచ్చే పాత మీడియా ప్లేయర్ చాలు. విండోస్ 11లో దాని పేరు విండోస్ మీడియా ప్లేయర్ లెగసీ. సెర్చ్‌లో కొట్టి తెరవండి. సీడీ పెట్టాక పైన రిప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫార్మాట్ దగ్గర ఎంపీ3 ఎంచుకోండి. నాణ్యత గీటును కుడివైపు చివరికి, 320 దాకా జరపండి. ఈ రెండూ చేశాకే రిప్ సీడీ నొక్కండి. సెట్టింగ్ ముట్టుకోకపోతే అది డబ్ల్యూఎంఏ ఫార్మాట్‌లో రాస్తుంది, చాలా కారు స్టీరియోలకు అది అర్థం కాదు. పని అయ్యాక పాటలు మ్యూజిక్ ఫోల్డర్‌లో ఉంటాయి. అక్కడి నుంచి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

మరి ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటివి ఎందుకు వాడమంటారు?

మీడియా ప్లేయర్ గీత దగ్గర తడబడినా మీకు చెప్పదు. టిక్కు టిక్కుమనే చప్పుడుతోనే పాట ఫైలులోకి వెళ్లిపోతుంది. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ ఉచితంగా దొరికే విండోస్ సాఫ్ట్‌వేర్. అందులో సెక్యూర్ మోడ్ పెడితే ప్రతి ముక్కనీ కనీసం రెండుసార్లు చదివి పోల్చుకుంటుంది. రెండూ కలవకపోతే అదే చోటును మళ్లీమళ్లీ చదువుతుంది. అలాంటి చోట డ్రైవ్ వేగం పడిపోయి, గుర్రుమంటూ తిరిగి, మీటర్ చాలాసేపు కదలదు. సిస్టమ్ హ్యాంగ్ అయిందని టెన్షన్ పడి ఆపేయకండి, వదిలేయండి. చివర్లో ఏ పాటలో ఏ సెకను దగ్గర అనుమానం ఉందో రిపోర్టు ఇస్తుంది. ఆ సెకన్లు మాత్రం చెవిపెట్టి విని చూసుకుంటే చాలు.

దీంతోపాటు ఆక్యురేట్‌రిప్ అనే ఏర్పాటు ఉంది. అదే సీడీని ప్రపంచంలో ఇంకెవరైనా కాపీ చేసి ఉంటే వాళ్ల ఫలితంతో మీది సరిపోల్చి చెబుతుంది. తెలుగు సీడీలకు ఈ పోలిక దొరకకపోవచ్చు, ఇంట్లో రాసుకున్నవాటికైతే దొరికే అవకాశమే లేదు. అప్పుడు టెస్ట్ అండ్ కాపీ వాడండి. అది పాటను పూర్తిగా రెండుసార్లు చదివి రెండుసార్లూ ఒకే లెక్క వచ్చిందో లేదో చూపిస్తుంది. రెండు అంకెలూ ఒకటైతే ఆ పాట భద్రంగా వచ్చిందని ధైర్యంగా ఉండొచ్చు.

ఎగ్జాక్ట్ ఆడియో కాపీ మెనూలు గందరగోళంగా అనిపిస్తే ఫ్రీ ఏసీ వాడండి. అదీ ఉచితమే, మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది.

మ్యాక్‌లో అయితే?

మ్యూజిక్ యాప్ చాలు. ఇంపోర్ట్ సెట్టింగ్స్‌లో ఎంపీ3గానీ, నాణ్యత ఏమీ పోకుండా దాచే యాపిల్ లాస్‌లెస్‌గానీ ఎంచుకుని, తప్పులు సరిదిద్దమనే గడిలో టిక్ పెట్టండి. లినక్స్‌లో అసుందర్ తేలిక.

ఎంపీ3, ఫ్లాక్, వేవ్. ఇందులో ఏది ఎంచుకోవాలి?

ఒకటి దాచుకోవడానికి, ఒకటి వినడానికి. రెండూ కావాలి.

ఆడియో సీడీలో శబ్దం సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో, కుడి ఎడమలకు విడివిడిగా రాసి ఉంటుంది. ఆ లెక్కన సెకనుకు 1,411 కిలోబిట్లు, నిమిషానికి పది ఎంబీ పైచిలుకు. దాన్ని యథాతథంగా రాస్తే వేవ్ ఫైలు. అయిదు నిమిషాల పాట 50 ఎంబీ దాటుతుంది. ఫ్లాక్ అదే పాటను ఒక్క బిట్ కూడా పోకుండా మడతపెట్టి, చాలాసార్లు సగం పైచిలుకు సైజులోకి తెస్తుంది. ఎంపీ3 చెవికి వినబడవనుకున్న వివరాలను తీసేసి ఇంకా చిన్నది చేస్తుంది. 320లో అదే పాట 12 ఎంబీ, 192లో 7 ఎంబీ.

ఎంపీ3లో తీసేసింది మళ్లీ రాదు. అందుకే సీడీని ఒకసారి ఫ్లాక్‌లో తీసి కంప్యూటర్‌లోనో హార్డ్ డిస్క్‌లోనో ఉంచండి. పెన్‌డ్రైవ్ కోసం దాన్నుంచి ఎంపీ3లు చేసుకోండి, నిమిషాల్లో అయిపోతుంది. రేపు ఇంకో ఫార్మాట్ కావాలన్నా, సౌండ్ శుభ్రం చేయించాలన్నా ఫ్లాక్ ఉంటే చాలు. అప్పటికి ఆ సీడీ చదవడం మానేసి ఉండొచ్చు కూడా.

వేవ్‌తో ఒక చిక్కు ఉంది. పాట పేరు, గాయకుల పేర్లు అందులో సరిగ్గా నిలవవు. ఫ్లాక్‌కి ఆ బాధ లేదు.

కారులో వింటే 128 ఎంపీ3కి, 320 ఎంపీ3కి తేడా తెలుస్తుందా?

పాటను బట్టి. తాళాలు, చిడతలు, వీణ తీగల చివరి మోత 128లో కరకరలాడతాయి, భజనల్లో ఇది బాగా తెలుస్తుంది. 1950లు, 60ల నాటి పాటలు మోనోలో రికార్డయినవి, రెండు చానెళ్లలోనూ ఒకే శబ్దం ఉంటుంది కాబట్టి తక్కువ బిట్‌రేట్‌లోనూ బాగానే నిలుస్తాయి. చోటుకు కరువు లేనప్పుడు 320 పెట్టేయండి.

పాత 128 ఎంపీ3లను 320కి మార్చితే మాత్రం ఫైలు బరువు తప్ప ఏమీ పెరగదు. అలా మార్చకండి.

32 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఎన్ని పాటలు పడతాయి?

అయిదు నిమిషాల పాటలు 320లో దాదాపు 2,600. 192లో 4,000 పైమాటే. కారుకి 16 జీబీ అయినా ఎక్కువే, పాట వెతుక్కోవడం కష్టమవుతుంది.

సీడీ మీద గీతలున్నాయి. పాట ఆగి ఆగి వస్తోంది. ఏం చేయాలి?

ముందు కడగండి. గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు ద్రవం, మెత్తటి నూలు గుడ్డ చాలు. తుడిచేటప్పుడు మధ్య రంధ్రం నుంచి అంచు వైపుకి తిన్నగా తుడవాలి. గుండ్రంగా తిప్పి తుడిచేటప్పుడు ఇసుక రేణువు గీస్తే ఆ గీత పాట నడిచే దారి వెంటే పోతుంది, అప్పుడు ఒకేచోట చాలా సమాచారం పోతుంది. అడ్డంగా పడిన చిన్న గీతలను సీడీలోని తప్పులు దిద్దే ఏర్పాటు తట్టుకుంటుంది. రెండు మిల్లీమీటర్ల మేర ఖాళీ వచ్చినా పాట పూర్తిగా వచ్చేలా దాన్ని తయారు చేశారు. థిన్నర్, పెట్రోల్, నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి రానివ్వకండి, ప్లాస్టిక్ మసకబారుతుంది.

ఎక్కువమందికి తెలియని విషయం, మెరిసే వైపు కంటే బొమ్మ ఉన్న వైపే సున్నితం. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. లేజర్ చదివే వైపు దాదాపు అంతా గట్టి ప్లాస్టిక్. పాట ఉన్న పొర బొమ్మ కిందే, సన్నటి వార్నిష్ లాంటి పూత వెనుక ఉంటుంది. బొమ్మ వైపు గోటితో గట్టిగా గీరినా పొర ఊడొచ్చు. దీపానికెదురుగా పట్టుకుంటే సూదిమొనంత వెలుగు చుక్కలు కనిపించాయంటే అక్కడ పొర ఊడిపోయిందని అర్థం. ఎంత తుడిచినా అది తిరిగి రాదు. పైన కాగితం స్టిక్కర్ అంటించి ఉంటే, సగం లేచినా సరే, పీకొద్దు. స్టిక్కర్‌తోపాటు పొర కూడా వచ్చేస్తుంది.

కడిగాక కూడా ఇబ్బంది పెడితే సాఫ్ట్‌వేర్‌లో వేగం 4ఎక్స్‌కి, అంటే పాట వినే వేగానికి నాలుగు రెట్లకి, తగ్గించండి. అప్పటికీ కాకపోతే వేరే డ్రైవ్‌లో పెట్టి చూడండి. ఒక డ్రైవ్ చేతులెత్తేసిన సీడీని ఇంకొకటి శుభ్రంగా చదవడం తరచూ జరిగేదే. టూత్‌పేస్ట్ రుద్దడం, షాపులో పాలిష్ పట్టించడం లాంటివి అన్ని డ్రైవ్‌లూ కాదన్నాకే.

సీడీ లోపలి నుంచి బయటికి నడుస్తుందని గుర్తుంచుకోండి. మొదటి పాటలు మధ్యలో, చివరి పాటలు అంచున ఉంటాయి. వేళ్లు తగిలి అరిగేది అంచే. కాబట్టి చివరి పాటలు రాకపోయినా మొదటివి దక్కించుకోవచ్చు. మొత్తం డిస్క్ ఒకేసారి తీయాలని పట్టుబట్టకుండా ఒక్కో పాటనీ విడిగా తీయండి.

పాటల పేర్లు రావడం లేదు, అన్నీ ట్రాక్ 1, ట్రాక్ 2 అనే పడుతున్నాయి.

ఆడియో సీడీలో పేర్లు సాధారణంగా ఉండవు. సాఫ్ట్‌వేర్ ట్రాకుల పొడవులు లెక్కబెట్టి ఇంటర్నెట్‌లోని జాబితాల్లో వెతికి పేర్లు తెస్తుంది. తెలుగు సీడీలకు చాలాసార్లు ఏమీ దొరకదు, కొన్నిసార్లు పొరపాటున ఏదో విదేశీ ఆల్బమ్ పేరు వచ్చి కూర్చుంటుంది. చేత్తో రాసుకోవడమే దారి. ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆల్బమ్ మొత్తానికి ఒకేసారి రాయొచ్చు.

సీడీ కవర్ లోపలి కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. హార్మోనియం ఎవరు, మృదంగం ఎవరు, ఎక్కడ రికార్డు చేశారు అన్నది ఆ కాగితం మీద తప్ప ఇంకెక్కడా ఉండదు. ఇంటి సీడీలకైతే పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, వింటూ, ఈ గొంతు ఎవరిది, ఏ పండక్కి పాడారు అని అడిగి రాసిపెట్టండి. అత్తయ్యో, బాబాయో చెప్పగలిగినప్పుడే అడగాలి.

పేర్లు తెలుగులో రాయొచ్చా? కంప్యూటర్, ఫోన్ కోసం ఉంచే ఫ్లాక్‌లలో తప్పకుండా తెలుగులోనే రాయండి. కారు పెన్‌డ్రైవ్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో రాయాల్సి వస్తుంది. చాలా స్టీరియోల తెరల్లో తెలుగు ఫాంట్ ఉండదు, డబ్బాలు డబ్బాలుగా కనబడుతుంది.

పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌లో పనిచేస్తోంది, కారు మాత్రం గుర్తించడం లేదు.

మూడు చూడండి. మొదటిది పెన్‌డ్రైవ్ ఫార్మాట్, అంటే అందులో ఫైళ్లు అమర్చే పద్ధతి. చాలా స్టీరియోలు, పాత టీవీలు, స్పీకర్లు ఎఫ్‌ఏటీ32 మాత్రమే చదువుతాయి. పెద్ద పెన్‌డ్రైవ్‌లు ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతితో వస్తాయి. 32 జీబీ లోపు డ్రైవ్ కొంటే విండోస్‌లోనే ఎఫ్‌ఏటీ32కి మార్చుకోవచ్చు. ఫార్మాట్ చేస్తే లోపలున్నవన్నీ పోతాయి, ముందు కాపీ తీసుకోండి. రెండోది పోర్టు. కొన్ని కార్లలో ఒక పోర్టు చార్జింగ్‌కి మాత్రమే. పాటల పోర్టు పక్కన మామూలుగా యూఎస్‌బీ గుర్తు ఉంటుంది. మూడోది లెక్క. ఎన్ని ఫోల్డర్లు, ఎన్ని పాటల వరకు చదువుతుందో కారు మాన్యువల్‌లో రాసి ఉంటుంది. అది దాటితే మిగతావి కనబడవు.

పాటలు వరుసలో రావడం లేదు.

చాలా స్టీరియోలు అక్షర క్రమం చూడవు. పెన్‌డ్రైవ్‌లోకి ఏది ముందు ఎక్కిందో అదే ముందు పాడతాయి. ఫైలు పేరుకు ముందు 01, 02 అని రెండంకెల నంబరు పెట్టండి. 1, 2 అని పెడితే కొన్ని స్టీరియోల్లో 1 తర్వాత 10 వస్తుంది. తర్వాత డ్రైవ్ ఖాళీ చేసి ఫోల్డర్ మొత్తాన్ని మళ్లీ కాపీ చేయండి. అప్పటికీ కలగాపులగంగా ఉంటే డ్రైవ్‌సార్ట్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ వరుస సరిచేస్తుంది.

హరికథ సీడీలో ట్రాక్ మారినప్పుడల్లా ఒక క్షణం తెగుతోంది.

సీడీలో అది ఆగకుండా నడిచిన కథ. మధ్యలో పెట్టిన ట్రాకుల హద్దులు వెతుక్కోవడానికే. ఎంపీ3 చేసేటప్పుడు ప్రతి ఫైలుకీ మొదట్లో కొంచెం నిశ్శబ్దం చేరుతుంది, దానికి తోడు స్టీరియో తర్వాతి ఫైలు తెరవడానికి ఒక క్షణం తీసుకుంటుంది. కచేరీ ఆలాపన మధ్యలోనో, హరిదాసు పద్యం ఎత్తుకున్నచోటో అది చివుక్కుమనిపిస్తుంది. హరికథ, బుర్రకథ, కచేరీలను మొత్తం సీడీ ఒకే ఫైలుగా తీయండి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీలోనూ, ఫ్రీ ఏసీలోనూ ఆ వీలుంది.

ఒక పాట గట్టిగా, ఒక పాట మెల్లగా వస్తోంది.

పాత పాటల సీడీలు మెల్లగా, 2000 తర్వాతివి గట్టిగా ఉండటం మామూలే. ఎంపీ3గెయిన్ అనే సాఫ్ట్‌వేర్ నాణ్యత తగ్గించకుండా అన్నిటినీ ఒక స్థాయికి తెస్తుంది. ఫ్లాక్ అసళ్లను ముట్టుకోకండి, పెన్‌డ్రైవ్ కాపీల మీదే చేయండి.

పెళ్లి వీసీడీలోంచి పాటలు మాత్రమే తీయవచ్చా?

తీయవచ్చు. ఎంపీజీఏవీ ఫోల్డర్‌లో డీఏటీ ఫైళ్లు ఉంటాయి, ముందు వాటిని కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో కన్వర్ట్ ఎంపికలోకి వెళ్లి ఆడియో ఎంపీ3 ఎంచుకుంటే శబ్దం మాత్రం వస్తుంది. డీఏటీ ఫైళ్లను తీసేయకండి, పెళ్లి వీడియో అందులోనే ఉంది.

ఇలా కాపీ చేసుకోవడం చట్టప్రకారం తప్పా?

మన కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 52 సొంత, వ్యక్తిగత వాడకానికి న్యాయమైన మేర ఉపయోగించుకోవడాన్ని ఉల్లంఘనగా చూడదు. మీరు కొన్న సీడీని మీ కారులో వినడానికి ఎక్కించుకోవడం ఆ కోవలోకి వస్తుందనే సాధారణంగా భావిస్తారు. పెన్‌డ్రైవ్‌లో నింపి అమ్మడం, నెట్‌లో పెట్టడం, హోటల్లోనో ఫంక్షన్ హాల్లోనో వేయడం వేరే సంగతి. సౌండ్ రికార్డింగ్ మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రికార్డింగ్ మీద హక్కు తీరినా, పాట రాసినవారికీ స్వరపరిచినవారికీ విడిగా హక్కులు ఉంటాయి.

ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లు గమనించాల్సింది, అక్కడ సొంత కాపీలకు 2014లో ఇచ్చిన వెసులుబాటును 2015లో హైకోర్టు కొట్టేసింది.

పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాక సీడీలు ఇచ్చేయవచ్చా?

ఇవ్వొద్దు. పెన్‌డ్రైవ్ దాచుకునే చోటు కాదు. మండుటెండలో కారులో పెట్టి ఉంచితే ఒకరోజు చెప్పకుండా చచ్చిపోతుంది. ఫ్లాక్‌లు కంప్యూటర్‌లో ఒకచోట, హార్డ్ డిస్క్‌లో ఇంకోచోట పెట్టండి. ఇంటి సీడీల కాపీ అన్నదమ్ములకో, అక్కచెల్లెళ్లకో పంపండి. వేరే ఊళ్లో ఇంకో కాపీ ఉన్నట్టవుతుంది. సీడీని కవర్‌లో పెట్టి చీకటిగా చల్లగా ఉండే అరలో నిలబెట్టండి.

మరీ చవగ్గా దొరికే 1 టీబీ పెన్‌డ్రైవ్‌లు కొనకండి. చాలావాటిలో లోపల కొద్ది జీబీలే ఉంటాయి. పాటలు ఎక్కినట్టే కనబడి తర్వాత తెరుచుకోవు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అసలు సైజు తేల్చుకోవచ్చు.

షాపులో ఇచ్చి చేయించుకుంటే?

కొన్ని ఫొటో స్టూడియోలు, జెరాక్స్ షాపులు ఇప్పటికీ చేస్తాయి. ఎంపీ3 కాకుండా ఫ్లాక్ లేదా వేవ్ కావాలని ముందే చెప్పండి. ఒక్క కాపీయే ఉన్న సీడీ అయితే వదిలేసి రాకండి, అక్కడే కూర్చుని చేయించుకోండి. ఇంటికొచ్చాక పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా కనిపిస్తే వైరస్ అంటిందని అర్థం. వాటి మీద క్లిక్ చేయకుండా ముందు యాంటీవైరస్‌తో చూడండి. పాటలు సాధారణంగా దాక్కుని అక్కడే ఉంటాయి.

అమ్మానాన్నలకు టీవీ, కంప్యూటర్ తెలియదు. వాళ్లకు ఎలా ఇవ్వాలి?

యూఎస్‌బీ పోర్టు, పెద్ద బటన్లు ఉన్న చిన్న స్పీకర్ కొనండి. ఒకే పెన్‌డ్రైవ్‌లో అన్నీ నింపకుండా చిన్నవి రెండు మూడు ఇవ్వండి. పొద్దున సుప్రభాతం, స్తోత్రాలకు ఒకటి, పాత పాటలకు ఒకటి. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టండి. కళ్లద్దాలు లేకున్నా ఏది ఏదో తెలుస్తుంది.

అమెరికాలో ఉంటున్నాను. ఇండియాలో కొన్న సీడీలు ఇక్కడి డ్రైవ్‌లో పనిచేస్తాయా?

ఆడియో సీడీలకు దేశాల హద్దులు లేవు. విజయవాడలో కొన్నది డాలస్‌లోనూ పాడుతుంది. రీజియన్ గొడవ డీవీడీ సినిమాలకే, ఇండియావి రీజియన్ 5, అమెరికావి 1. ఈసారి వచ్చినప్పుడు సీడీల కట్ట మోసుకెళ్లే బదులు ఒక యూఎస్‌బీ డ్రైవ్ తెచ్చుకుని, ఇంట్లోనే కూర్చుని కాపీ చేయండి. పేర్లు చెప్పేవాళ్లు కూడా ఇక్కడే ఉంటారు.